కొత్తవాళ్ల చేతిలో ‘ఓల్డ్‌బాయ్’ పెట్టేదెవరండీ?

ప్రశ్న: నేను హనుమకొండలో బ్యాంకులో పనిచేస్తాను. ఈమధ్య ‘పారసైట్’ చూశాను, బాగా నచ్చింది. అలాంటివి ఇంకొన్ని చెప్పమని, సినిమాలు తెగ చూసే మా సహోద్యోగిని అడిగితే ‘తప్పక చూడాల్సిన 100 ఆసియా సినిమాలు’ అని ఓ లిస్టు పంపారు. అందులోంచి ‘ఓల్డ్‌బాయ్’ చూస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ‘అంకుల్ బూన్మీ’ అనే థాయ్ సినిమా పెడితే అరగంటకే నిద్ర పట్టేసింది. ఆదివారాలు అమ్మ కూడా నాతో కూర్చుంటుంది. కొరియన్ సీరియళ్లు తెలుగు డబ్బింగ్‌లో వదలకుండా చూస్తుంది కానీ ఇంగ్లిష్ చదవలేదు. నాన్నకి ఫైట్లు లేకపోతే అది సినిమానే కాదు. పైగా ‘అలాంటి’ సీన్ ఏదైనా వస్తే లేచి వెళ్లిపోతారు. అసలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? నిద్రపోయానంటే నాకు టేస్ట్ లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ లిస్టు పక్కన పెట్టేయండి. మీ సహోద్యోగిని తప్పుపట్టడం లేదు. సినిమా పిచ్చి ఉన్నవాళ్లందరిదీ ఇదే తంతు. అడిగినవాళ్లకి ఏది నచ్చుతుందో ఆలోచించరు, తమని ఏది కుదిపేసిందో దాన్ని తెచ్చి చేతిలో పెడతారు. అందుకే కొరియన్ సినిమా ఏదైనా చెప్పమని అడిగిన ప్రతివాళ్లకీ మొదట ‘ఓల్డ్‌బాయ్’ తగులుతుంది. పార్క్ చాన్‌వుక్ 2003లో తీసిన ఆ సినిమా గొప్పదే. సన్నటి కారిడార్‌లో హీరో సుత్తి పట్టుకుని ఒక్కడే ఒక గుంపుతో తలపడే సీన్‌ని కట్ లేకుండా ఒకే షాట్‌లో తీసిన తీరు గురించి ఫైట్ మాస్టర్లు ఈరోజుకీ చెప్పుకుంటారు. కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి కూడా వచ్చింది. కానీ చివర్లో బయటపడే ఆ విషయం ఉంది చూశారూ, అది కొరియన్ సినిమా పరిచయమైన మొదటి వారంలో చూడాల్సింది కాదు. అమ్మ పక్కన కూర్చుని ఉండగా అసలే కాదు.

నిద్ర సంగతికొస్తే, ‘అంకుల్ బూన్మీ’కి 2010లో కాన్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ డి’ఓర్ వచ్చింది. అందులో ఎప్పుడో చనిపోయిన భార్య రాత్రి భోజనాల బల్ల దగ్గర నెమ్మదిగా ప్రత్యక్షమవుతుంది. ఏళ్ల కిందట తప్పిపోయిన కొడుకు ఒళ్లంతా వెంట్రుకలతో, ఎర్రటి కళ్లతో కోతిలా మారి మెట్లెక్కి వస్తాడు. కాసేపటికి అందరూ మామూలుగా కబుర్లలో పడతారు. బ్యాంకులో రోజంతా పనిచేసి వచ్చి ఆ సినిమా పెట్టుకుంటే ఎవరికైనా రెప్పలు వాలతాయి. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ అయితే, థియేటర్లో ప్రేక్షకుణ్ణి కాస్త కునుకు తీయనిచ్చే సినిమాలే తనకిష్టమని బాహాటంగానే చెప్పేవాడు. కాబట్టి టేస్ట్ గురించి టెన్షన్ పెట్టుకోకండి.

ఇక ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్న. నన్నడిగితే, ఇళ్లలో జరిగే కథలతో మొదలుపెట్టమంటాను. హత్యలూ పగలూ ఉన్న సినిమా ఏ దేశానిదైనా మనల్ని లాక్కుపోతుంది. నిజమే. కానీ ఆ పరుగులో ఆ దేశం మనుషుల గురించి మనకి తెలిసేది తక్కువ. అదే అమ్మ, నాన్న, చెల్లి, అలిగిన పెద్దకొడుకు, చుట్టపుచూపుగా వచ్చిన కోడలు ఉన్న సినిమా అయితే మనుషులు ముందే తెలిసినవాళ్లు. ఇల్లు కొత్త, వంట కొత్త, మర్యాదలు కొత్త, అంతే. నాలుగు అలాంటివి చూశాక మీ సహోద్యోగి లిస్టులో ఏది తీసినా బెదరకుండా చూడగలుగుతారు. పైగా ఆదివారం అమ్మ కూడా ఉంటారు కదా.

ఇంకోమాట. ‘ఆసియా సినిమా’ అంటూ ఒక రకం ఏదీ లేదు. టెహ్రాన్‌కీ టోక్యోకీ మధ్య ఎంత దూరం ఉందో ఆ సినిమాల మధ్య కూడా అంతే ఉంది. మన దేశం కూడా ఆ ఆసియాలోదే. ఆ 100 సినిమాల లిస్టులో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955) ఉండే ఉంటుంది, చూసుకోండి.

మొదటి ఆదివారానికి ఇరాన్ సినిమా పెట్టండి. మజీద్ మజీదీ 1997లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’. అలీ అనే పిల్లాడు చెల్లెలు జహ్రా బూట్లు కుట్టించి తెస్తూ, దార్లో బంగాళాదుంపలు కొనడానికి ఆగుతాడు. ఆ కాసేపట్లో బూట్లు పోతాయి. నాన్నకి చెబితే దెబ్బలు. అంతకన్నా పెద్ద బాధ, కొత్తవి కొనడానికి ఆయన దగ్గర డబ్బుల్లేవని ఇద్దరికీ తెలుసు. గదిలో నాన్న వినకుండా నోటుపుస్తకంలో రాసుకుంటూ ఇద్దరూ ఒప్పందానికొస్తారు. ఆడపిల్లల బడి పొద్దున, మగపిల్లల బడి మధ్యాహ్నం. అలీ బూట్లు పొద్దున జహ్రా వేసుకెళ్తుంది. బడి వదలగానే సందుల్లోంచి పరిగెత్తుకొస్తుంది, అన్న సందు మూలన నిలబడి ఉంటాడు, బూట్లు మార్చుకుని వాడు ఇంకా గట్టిగా పరిగెడతాడు. ఒకరోజు ఆ వదులు బూటు జహ్రా కాలు జారి కాలవలో పడి కొట్టుకుపోతుంది. ఆ పిల్ల దాని వెంట పరిగెడుతుంటే మీ అమ్మగారు కుర్చీ అంచుకి వచ్చేస్తారు, చూడండి. ఆ తర్వాత పరుగుపందెం ఉంటుంది. మూడో బహుమతి బూట్లు. అంటే వాడు మొదటివాడు కాకూడదు, రెండోవాడూ కాకూడదు, కచ్చితంగా మూడోవాడే అవ్వాలి. ఇంతకుమించి చెప్పను. ఫైట్లు లేకపోతే సినిమానే కాదన్న మీ నాన్నగారు ఆ టైములో హాల్లోంచి వెళ్తూ టీవీ దగ్గర ఆగిపోయినా నేను ఆశ్చర్యపోను.

ఇరాన్ నుంచి ఇన్ని మంచి పిల్లల సినిమాలు రావడం వెనక ఒక చరిత్ర ఉంది. విప్లవానికి ముందే, 1965లో, అక్కడ పిల్లల కోసం ‘కానూన్’ అనే సంస్థ పెట్టారు. అందులో సినిమా విభాగాన్ని మొదలుపెట్టినవాళ్లలో కియరోస్తమీ ఒకడు. 1979 విప్లవం తర్వాత సెన్సార్ బిగిసింది. తెరమీద ఆడవాళ్లు ఇంట్లో పడుకుని ఉన్నా తలమీద గుడ్డ ఉండాలి, భార్యాభర్తల పాత్రలైనా ఒకరినొకరు తాకకూడదు. పెద్దవాళ్ల మధ్య సంసారం చూపించడమే కష్టమైనప్పుడు, పిల్లల కథలో చాలా విషయాలు చెప్పడానికి వీలు దొరికింది. మీ నాన్నగారి ‘అలాంటి సీన్’ భయానికి ఇరాన్ సినిమాని మించిన మందు లేదు. నచ్చితే కియరోస్తమీ ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్’ (1987) కూడా చూడండి. పొరపాటున పక్క పిల్లాడి నోటుపుస్తకం తన సంచిలో వచ్చేస్తే, అది తిరిగి ఇవ్వడానికి ఒక పిల్లాడు పక్క ఊరికి పరిగెత్తడమే కథ. హోంవర్క్ ఆ పుస్తకంలోనే రాయకపోతే స్నేహితుణ్ణి బడి నుంచి పంపించేస్తామన్నారు మరి. పెద్దవాళ్లెవరూ వాడి మాట వినిపించుకోరు. అరుగుమీద కూర్చున్న తాతయ్య ఒకాయన, చిన్నప్పుడు వాళ్ల నాన్న వారానికో నాణెం ఇచ్చేవాడనీ, పదిహేను రోజులకోసారి తన్నేవాడనీ, నాణెం ఇవ్వడం మరిచిపోయినా తన్నడం మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదనీ గర్వంగా చెబుతాడు. ఆయన ఇరాన్‌లోనే ఉంటాడని ఎందుకనుకోవాలి?

రెండో ఆదివారం కొరియాకి వెళ్లండి. రక్తం లేని కొరియా. ‘ద వే హోమ్’ (2002) అని లీ జంగ్‌హ్యాంగ్ అనే ఆవిడ తీసిన సినిమా. సియోల్ నుంచి ఒక పిల్లాణ్ణి వాళ్లమ్మ తెచ్చి, కొండ ఊళ్లో ఉన్న అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టి వెళ్తుంది. అమ్మమ్మ నడుం వంగిపోయింది, మాట్లాడలేదు. వాడికి వీడియో గేమ్ బ్యాటరీ అయిపోవడమే ప్రపంచంలోకెల్లా పెద్ద కష్టం. ఒకరోజు కెంటకీ చికెన్ కావాలని, కోడి అరుపూ తోకా అన్నీ అభినయించి చూపిస్తాడు. ఆవిడకి కోడి అని మాత్రం అర్థమవుతుంది. ఎక్కడికో వెళ్లి, వానలో తడుస్తూ కోడిని తెచ్చి, శుభ్రంగా ఉడకబెట్టి ముందు పెడుతుంది. వాడు అది చూసి ఏడుపు లంకించుకుంటాడు. రాత్రి ఆకలేసి లేచి, చీకట్లో అదే తింటాడు. అమ్మమ్మగా వేసినావిడ నటి కాదు, పల్లెటూరి ముసలావిడే. ఆ పాత్రకి మాటలే లేవు కాబట్టి మీ అమ్మగారికి సబ్‌టైటిల్స్ సమస్య సగం తీరినట్టే. కొరియన్ కథ మన ఇంట్లో ఒదగదనే అనుమానం ఏమైనా ఉంటే, సమంత చేసిన ‘ఓ బేబీ’ (2019) గుర్తు తెచ్చుకోండి. అది కొరియన్ ‘మిస్ గ్రానీ’కి రీమేకే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికొస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి. జపాన్ ఇల్లు. పుస్తకాల్లో అందరూ ‘టోక్యో స్టోరీ’తో మొదలుపెట్టమంటారు. నేను మాత్రం హిరోకజు కొరీడా ‘స్టిల్ వాకింగ్’ (2008) ముందు చూడమంటాను. కథ అంటూ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెద్దకొడుకు ఎన్నో ఏళ్ల కిందట నీళ్లలో మునిగిపోతున్న ఒక పిల్లాణ్ణి కాపాడబోయి చనిపోయాడు. ఏటా ఆ రోజున మిగతా పిల్లలు అమ్మానాన్నల ఇంటికి వస్తారు. మన సంవత్సరీకాలకి చేరినట్టే. వంటింట్లో తల్లీకూతుళ్లు ముల్లంగి, క్యారెట్ చెక్కు తీస్తూ ఎడతెగని కబుర్లు చెప్పుకుంటుంటే సినిమా మొదలవుతుంది. మొక్కజొన్న గింజలు ఒలిచి, పిండిలో కలిపి నూనెలో వేస్తారు. మీ వైపు మక్క గారెలకి దగ్గరి చుట్టం అనుకోండి. గింజలు నూనెలో చిటపటలాడుతుంటే, అప్పటిదాకా అలిగి గదిలో కూర్చున్న రిటైర్డ్ డాక్టరు నాన్న కూడా బయటికొస్తాడు. చిన్నకొడుకు ఒక బిడ్డ ఉన్న వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. అత్తగారు కోడలితో ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. ప్రతి మర్యాదలోనూ ఓ ముల్లు ఉంటుంది. ఆ ముళ్లని పట్టుకోవడంలో మీకన్నా మీ అమ్మగారు నాలుగాకులు ఎక్కువే చదివుంటారు.

ఆ రోజు ఇంటికి ఇంకో మనిషి వస్తాడు. అప్పుడు నీళ్లలోంచి బతికి బయటపడ్డ పిల్లాడు. ఇప్పుడు లావుగా, చెమటలు కక్కుతూ, సరైన ఉద్యోగం లేకుండా ఉన్నాడు. ఏటా పిలుస్తారు, ఏటా వచ్చి చనిపోయినవాడి ఫొటో ముందు సిగ్గుతో కుంచించుకుపోతూ కూర్చుంటాడు. అతను వెళ్లాక చిన్నకొడుకు జాలిపడి, ఇక అతన్ని పిలవడం మానేద్దామమ్మా అంటాడు. ఆ తల్లి చేతిలో అల్లిక ఆపకుండా, గొంతు పెంచకుండా, తను అతన్ని ఏటా ఎందుకు పిలుస్తోందో చెబుతుంది. కిరిన్ కికి అనే నటి ఆ మాట చెప్పే తీరు చూడండి. అప్పటిదాకా నవ్వుతూ గారెలు వేసి పెట్టిన మనిషి ఆవిడే. అక్కడ సినిమా ఆపి, మీ అమ్మగారు ఏమంటారో అడగండి. ఆవిడ ఆ తల్లి వైపే మాట్లాడొచ్చు కూడా.

ఇది చూశాక యసుజిరో ఓజు ‘టోక్యో స్టోరీ’ (1953) దానంతటదే తలుపు తీస్తుంది. ఒనోమిచి అనే సముద్రపు ఊరు నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురిది బ్యూటీ పార్లర్. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరికీ తీరిక లేదు. పార్లర్‌కి వచ్చినావిడ వీళ్లెవరని అడిగితే, ఊరి నుంచి వచ్చిన తెలిసినవాళ్లని చెప్పేస్తుంది కూతురు. తర్వాత అన్నాచెల్లెళ్లు తలా కొంత వేసుకుని, వాళ్లని అతామీ అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించేస్తారు. అక్కడ రాత్రంతా పలకలతో ఆడే మాజాంగ్ ఆటల గోలకి ఆ ఇద్దరికీ కునుకే పట్టదు. వాళ్లని నిజంగా చూసుకునేది యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య ఒక్కతే. అమెరికాలో పిల్లలున్న మన ఇళ్లలో ఈ సినిమా వేస్తే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. కెమెరా ఎప్పుడూ చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులోనే ఉంటుంది, దాదాపు కదలదు. మొదటి ఇరవై నిమిషాలు అది వింతగా ఉంటుంది. ఆ తర్వాత మీరు కూడా ఆ చాప మీదే కూర్చుని ఉంటారు. ముసలి తండ్రిగా వేసిన చిషూ ర్యూ వయసు అప్పటికి యాభై కూడా నిండలేదంటే నమ్మలేం.

అమ్మగారి సబ్‌టైటిల్స్ సంగతి. తెలుగు డబ్బింగ్ దొరికితే వాడుకోవడానికి మొహమాటపడక్కర్లేదు. కానీ నేను చెప్పిన పాతవాటిలో చాలావాటికి అది దొరకదు. అప్పుడు మీరే బెన్షీ అవ్వండి. మూకీల కాలంలో జపాన్ థియేటర్లలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెబుతూ, అన్ని పాత్రల గొంతులూ పలికేవాడు. ఆ కళాకారుల్నే బెన్షీలనేవారు. హీరోలకన్నా వాళ్లకే ఎక్కువ పేరుండేది, ఫలానా బెన్షీ ఉన్నాడని జనం టికెట్ కొనేవాళ్లు. పేరున్న జపాన్ దర్శకుడు అకిరా కురొసావా అన్నయ్య కూడా బెన్షీయే. కాబట్టి మీ పని చిన్నదేం కాదు. ప్రతి మాటా అనువదించాలని కూర్చోకండి, ఇద్దరికీ తలనొప్పి. ఎవరు ఎవరికి ఏమవుతారో ముందే చెప్పేయండి, గొడవ దేని గురించో చెప్పండి, మిగతాది ముఖాలు చెబుతాయి. మీకైతే సబ్‌టైటిల్స్ రెండో సినిమాకల్లా అలవాటవుతాయి. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైనప్పుడు అక్కడివాళ్లు కూడా మొదట కింద అక్షరాలు చదువుకుంటూనే చూశారు. పేర్ల గందరగోళం ఉంటే ఒక చిట్కా: కొరియా, చైనావాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ‘పారసైట్’ దర్శకుడు బాంగ్ జూన్‌హో పేరులో బాంగ్ ఇంటిపేరన్నమాట.

ఆ బాంగ్ దగ్గరికే వద్దాం. ‘పారసైట్’ నచ్చింది కాబట్టి మీకోసం, ఒంటరిగా చూసుకోవడానికి, ఆయనదే ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ (2003). నా లెక్కలో అది ‘పారసైట్’ కన్నా ఒక మెట్టు పైనే. 1986 నుంచి 1991 దాకా హ్వాసాంగ్ ప్రాంతంలో ఆడవాళ్లని వరసగా చంపిన నిజమైన కేసు అది. సినిమా తీసేనాటికి హంతకుడెవరో తెలియదు. పొలం గట్టున దొరికిన పాదముద్ర మీద నుంచి ట్రాక్టరు వెళ్లిపోతుంటే పోలీసు నెత్తీనోరూ బాదుకుంటూ అరుస్తాడు. నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. కళ్లలోకి చూసి దొంగని పట్టేస్తానని గొప్పలు చెప్పుకునే ఆ పోలీసు, అంటే ఆ పాత్ర వేసిన సాంగ్ కాంగ్‌హో, చివరి షాట్‌లో నేరుగా కెమెరాలోకి చూస్తాడు. హంతకుడు ఎప్పుడో ఒకప్పుడు థియేటర్లో కూర్చుని ఈ సినిమా చూస్తాడని, వాడి కళ్లలోకి చూడాలని దర్శకుడి ఆలోచన. 2019లో డీఎన్ఏ పరీక్షలతో అసలువాడు బయటపడ్డాడు. వేరే హత్య కేసులో అప్పటికే చాలా ఏళ్లుగా జైల్లో ఉన్నాడు. ఆ వరస హత్యల్లో ఒకదానికి ఇంకో మనిషి ఏ పాపం ఎరగకుండా ఇరవై ఏళ్లు శిక్ష అనుభవించాడు. పోలీసులు కొట్టి ఒప్పించే సీన్లు సినిమాలో చూస్తున్నప్పుడు ఇది గుర్తుంటే, నవ్వించిన సీన్ కూడా ఇంకోలా కనిపిస్తుంది.

థ్రిల్లర్ కావాలి కానీ శవాలు వద్దంటే థాయ్‌లాండ్ ‘బ్యాడ్ జీనియస్’ (2017) పెట్టండి, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లనీ పిలవండి. చదువులో చురుకైన లిన్ అనే అమ్మాయి డబ్బున్న పిల్లలకి పరీక్షలో జవాబులు అందిస్తుంది. పియానో వాయిస్తున్నట్టు బల్లమీద వేళ్లు ఆడిస్తుంది, ఏ పాట వేళ్లయితే ఆ ఆప్షన్. చివరికి సిడ్నీకి వెళ్లి, అక్కడ కొన్ని గంటలు ముందు జరిగే అంతర్జాతీయ పరీక్ష రాసి, జవాబులు బట్టీపట్టి బ్యాంకాక్‌కి పంపే దాకా వెళ్తుంది. ఓఎంఆర్ షీట్ మీద పెన్సిల్ కదిలే చప్పుడుతో ఇంత టెన్షన్ పెట్టొచ్చని నాకు అంతకుముందు తెలియదు. కోచింగుల మధ్య పెరిగిన మన పిల్లలకి ఇందులో ఒక్క సీన్ కూడా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో రకం థ్రిల్లర్ కూడా ఉంది, హత్య లేదు, దొంగ లేడు. అస్గర్ ఫర్హాదీ ‘ఎ సెపరేషన్’ (2011). భార్య దేశం వదిలి వెళ్దామంటుంది. మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని వదిలి రానంటాడు భర్త. ముసలాయన్ని చూసుకోవడానికి ఒక పేదావిడ పనికి వస్తుంది. ఆయన బట్టలు పాడుచేసుకుంటే, పరాయి మగవాడి బట్టలు మార్చడం పాపమవుతుందా అని ఆవిడ మతపెద్దలకి ఫోన్ చేసి అడుగుతుంది. ఆ ఒక్క ఫోన్‌లో ఆవిడ బతుకంతా ఉంది. తర్వాత గుమ్మం దగ్గర ఓ తోపులాట, ఓ కేసు, అబద్ధం మీద అబద్ధం. ఎవరి వైపు ఉండాలో తేల్చుకోలేక గింజుకుంటాం. ఇరాన్‌కి మొదటి ఆస్కార్ దీంతోనే వచ్చింది.

కార్టూన్లని తక్కువ చూడకండి. జపాన్ దర్శకుడు మియజాకీ ‘మై నైబర్ టోటోరో’ (1988), ‘స్పిరిటెడ్ అవే’ (2001) ఏ వయసువాళ్లయినా చూడొచ్చు. కానీ అదే స్టూడియో జిబ్లీ నుంచి వచ్చిందని ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ని చిన్నపిల్లలకి పెట్టేరు, జాగ్రత్త. యుద్ధంలో బాంబుల మధ్య అనాథలైన అన్నాచెల్లెళ్ల కథ అది, పెద్దవాళ్లే తట్టుకోలేరు. 1988లో జపాన్‌లో దాన్నీ టోటోరోనీ ఒకే టికెట్ మీద జంటగా విడుదల చేశారట, ఆ ఆలోచన ఎవరిదోగానీ.

హాంకాంగ్, తైవాన్ కాస్త ఆగి చూడొచ్చు. వాంగ్ కార్‌వై ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ (2000)లో పక్కపక్క గదుల్లో అద్దెకున్న ఇద్దరికి, ఆవిడ భర్తకీ, ఆయన భార్యకీ మధ్య సంబంధం ఉందని అర్థమవుతుంది. మిగిలిన ఈ ఇద్దరూ ప్రేమలో పడతారు, కానీ ముద్దు కూడా పెట్టుకోరు. ఆవిడ నూడుల్స్ క్యారియర్ పట్టుకుని మెట్లు దిగుతుంటే వచ్చే వయొలిన్ కోసమే మళ్లీ మళ్లీ చూసేవాళ్లున్నారు. కథ ముందుకి కదలడం లేదే అని విసుక్కునే మూడ్‌లో ఉన్న రోజు మాత్రం వద్దు. ఎడ్వర్డ్ యాంగ్ ‘యీ యీ’ (2000) మూడు గంటలకి కాస్త తక్కువ. పెళ్లితో మొదలై చావుతో ముగిసే ఒక తైపే కుటుంబం కథ. అందులో ఒక పిల్లాడు మనుషుల వీపువైపు నుంచి తల ఫొటోలు తీస్తుంటాడు, వాళ్లకి వాళ్లు చూసుకోలేనిది చూపించాలని. సెలవురోజు ఫోన్ పక్కన పడేసి చూడాలి దాన్ని. చైనాకి జాంగ్ యీమో ‘నాట్ వన్ లెస్’ (1999), భూటాన్‌కి ‘లునానా’ (2019): రెండూ మారుమూల ఊరి బడుల కథలే, రెండూ అమ్మతో చూడొచ్చు. మన తెలుగులో మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), బి. నర్సింగరావు ‘దాసి’ (1988) చూడకుండా జపాన్ వెళ్లిపోతే నాకు కాస్త బాధగా ఉంటుంది, మీది ఓరుగల్లు కాబట్టి తెలంగాణ గడీ కథ అయిన ‘దాసి’ విషయంలో మరీను.

చూసే తీరు గురించి రెండు మాటలు. ఫోన్‌లో, బస్సులో చూడకండి. వేగం పెంచి అసలే చూడకండి. ఒక దర్శకుడు నచ్చితే దేశం మారకుండా ఆయనవే ఇంకో రెండు చూడండి, పది దేశాలు ఒక్కొక్కటిగా చుట్టడం కన్నా అదే మేలు. ముగింపు వివరించే వీడియోల జోలికి వెంటనే పోవద్దు, ముందు అమ్మతో మాట్లాడండి. ఓటీటీల్లో ఇవాళ ఉన్నది రేపు ఉండదు కాబట్టి, కనిపించినప్పుడే చూసేయండి.

ఇక మీ నాన్నగారు. ఆయనకి కురొసావా ‘సెవెన్ సమురాయ్’ (1954) పెట్టండి. కోతలవగానే బందిపోట్లు వచ్చి పంట ఎత్తుకుపోతారని తెలిసి, ఒక పల్లెవాళ్లు ఊరిని కాపాడటానికి కత్తిసాము తెలిసిన ఏడుగురిని తెచ్చుకుంటారు. ఇవ్వడానికి డబ్బులేదు, అన్నం మాత్రమే పెట్టగలరు. ఆ బియ్యం వీళ్లకి పెట్టి రైతులు చిరుధాన్యాలు తింటారు. ఏడుగురిని ఒక్కొక్కరిగా పోగుచేసే మొదటి భాగం చూస్తుంటే ‘షోలే’ నుంచి మన మాస్ సినిమాల దాకా ఎందరు దీనికి బాకీ ఉన్నారో ఆయనే చెబుతారు. వానలో, బురదలో జరిగే చివరి పోరాటం ముందు ఇప్పటి గ్రాఫిక్స్ దిగదుడుపు. బ్లాక్ అండ్ వైటా అని మొదట పెదవి విరుస్తారు, ఓ పావుగంట ఓపిక పట్టమనండి. ఆయన లేచి వెళ్లిపోవాల్సినంత సీన్ ఏదీ లేదు. నిడివి 207 నిమిషాలు, కానీ మన సినిమాలకి మల్లే మధ్యలో నిజంగానే ఇంటర్వెల్ ఉంది. టీ అప్పుడే పెట్టండి.